ఊపుడు పొయ్యి

మా ఇంటావిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. మంచి పేరు. అయినా మా కాలనీలో సగం మందికి అది తెలియదు. వాళ్ళకి ఆవిడ పులిహోర గారు.

ఎగతాళికి పెట్టిన పేరు కాదు, గౌరవంగానే పిలుస్తారు. "పులిహోర గారూ, కాస్త తోడు పెరుగుందా?" అని గోడ మీదుగా గిన్నె అందిస్తారు. ఒకసారి ఒక పెళ్ళిలో మా పక్కింటావిడ ఈవిడని పెళ్ళికొడుకు తల్లికి పరిచయం చేస్తూ, "వీరు మా పులిహోర గారండీ" అంది. ఆ తల్లి నమస్కారం పెట్టి, గిన్నె ఎక్కడ అన్నట్టు ఈవిడ చేతులవైపు చూసింది.

ఈ పేరుకి మూలం కార్తీకమాసం వనభోజనాలు. ఏటా ఒక ఆదివారం మా గుంటూరు కాలనీవాళ్ళమంతా బస్సు మాట్లాడుకుని అమరావతి దారిలో ఒక జామతోటకి వెళతాం. తోట మధ్యలో ఒక ఉసిరిచెట్టుంది కాబట్టి శాస్త్రానికి లోటు లేదు. ఎవరేం వండి తేవాలో మహిళామండలి ప్రెసిడెంటు గారు ముందే పంచుతారు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, క్లాసులో హాజరు పిలిచినట్టే పిలుస్తారు. "గారెలు?" అంటే ఒకావిడ చెయ్యెత్తుతుంది. "బొబ్బట్లు?" అంటే ఇంకొకావిడ. పులిహోర దగ్గరికొచ్చేసరికి మాత్రం తల కూడా ఎత్తరు. "పులిహోర ఉందిగా" అని కళ్ళద్దాలు తుడుచుకుంటారు. ఒక ఏడు మా ఆవిడకి సరిగ్గా అప్పుడే జ్వరం వచ్చింది. ప్రెసిడెంటు గారు స్వయంగా ఇంటికొచ్చి, నుదుటిమీద చెయ్యివేసి చూసి, ఎంతో ఆప్యాయంగా అన్నారు: "మీరసలు రావద్దండీ. హాయిగా పడుకోండి. పులిహోర మాత్రం పంపించండి, చాలు."

ఆ మాట మా ఆవిడ మరిచిపోలేదు. మనసులో పెట్టుకుని, పైకి నవ్వి, పులిహోర పంపించింది.

ఇక రెండో సంగతి. మా వీధి మలుపులో సాయంత్రమయ్యేసరికి ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి వెలుస్తుంది. దాని పొయ్యి అంటుకుందంటే విమానం లేస్తున్నంత రొద. నల్లటి మూకుట్లోంచి అన్నం గాల్లోకి ఎగిరి, మంట అంచుని తాకి, మళ్ళీ మూకుట్లోనే పడుతుంది. అప్పుడొక వాసన లేస్తుంది. మాడిన వాసన కాదు, మాడబోయి ఆగిన వాసన. మా ఆవిడ కోడిగుడ్డు కూడా ముట్టదు. బండిమీద గుడ్డుకీ కోడికీ గోబీకీ ఒకటే మూకుడు. కాబట్టి ఆ అన్నం ఆవిడ నోటికి అందేది కాదు. అయితే డాబామీద ఆరేసిన బట్టలు తీయడానికి సరిగ్గా బండి అంటుకునే వేళకే వెళ్ళేది. నాలుగు చీరలు మడతపెట్టడానికి పట్టే దానికంటే చాలా ఎక్కువ సేపు అక్కడే ఉండేది.

"ఇంతసేపూ ఏం చేస్తున్నావ్ పైన?"

"గాలి బావుంది."

ఆ గాలి ఎటునుంచి వస్తోందో నేను అడగలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను: ‘మలుపు వైపు నుంచి గాలి. ఆవిడ డాబామీద.’ చిన్నప్పటినుంచీ నాకు రోజూ డైరీ రాసే అలవాటు. గాలివాటం, పాలు విరిగాయా తోడుకున్నాయా, రక్తపోటు, ఎవరొచ్చారు, ఏమన్నారు, అన్నీ రాస్తాను. రాయకపోతే ఆ రోజు జరగనట్టే అనిపిస్తుంది.

పోయినేడు వంటల పంపకం మా హాల్లో పెట్టారు. నేను పక్కగదిలో పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను.

"పులిహోర ఉందిగా" అన్నారు ప్రెసిడెంటు గారు.

"లేదండి" అంది మా ఆవిడ.

హాల్లో టీ చప్పరించే చప్పుళ్ళు ఆగిపోయాయి.

"లేకపోవడమేంటండీ?"

"ఈసారి నేను ఫ్రైడ్ రైస్ చేస్తాను."

"కార్తీకంలోనా! ఉల్లీ వెల్లుల్లీ లేకుండానా!"

"లేకుండానే."

"అయ్యో, ఉల్లి సంగతి అటుంచండి. ఇంట్లో చేస్తే అది ఫ్రైడ్ రైసెందుకవుతుందండీ? కూర కలిపిన అన్నం అవుతుంది. మా కోడలు చేస్తుందిగా, కుక్కర్లో! బండి వాసన రావాలి. అది రాందే ఎవరు తింటారు?"

"వస్తుందండి. బండి వాసనే వస్తుంది."

నేను పేపరు దించాను.

ప్రెసిడెంటు గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "ఆ వాసన వస్తే ఇక ఈ జన్మలో మిమ్మల్ని పులిహోర అడగను. అందరి ముందూ చెప్తున్నా. మరి రాకపోతే?"

"రాకపోతే బతికున్నన్నాళ్ళూ పులిహోర నాదే."

"విన్నారుగా అందరూ?"

అందరూ విన్నారు. విననట్టు నటిస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్ళు వెళ్ళాక హాల్లోకి వచ్చి, "ఆ వాసన ఎలా తెస్తావ్?" అన్నాను.

"నేనెందుకు తెస్తాను? మీరు తెస్తారు."

"నేనా?"

"జన్మంతా ఊరూరా తిరిగి కాటాలు పరీక్ష చేశారుగా. ఒక మూకుణ్ణి పరీక్ష చెయ్యలేరా?" ఖాళీ కప్పులు ఏరుతూ ఇంకొక మాట అంది. "మిమ్మల్ని రిటైర్ చేశారు. శాలువా కప్పారు, మాట్లాడారు, ఫొటో తీశారు. నన్ను పులిహోరలోంచి ఎవరు రిటైర్ చేస్తారు?"

నేను తూనికలూ కొలతల శాఖలో పనిచేశాను. మిర్చియార్డులో కాటాలు, పత్తి మిల్లుల్లో కాటాలు, కిరాణాకొట్టు తక్కెడలు, ఏది చూసినా ముందు పద్ధతి ఏమిటో ఆలోచించడం నాకు అలవాటు. దేన్నైనా ముందు దూరంనుంచి చూడాలి, తర్వాత దగ్గరికెళ్ళి చూడాలి, ఆ తర్వాతే ప్రశ్న అడగాలి.

మర్నాడు సాయంత్రం జేబులో చిన్న డైరీ పెట్టుకుని, బండికి ఎదురుగా కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాను. ఇంకా దూరంనుంచి చూసే దశలోనే ఉండగా బండాయన నన్ను చూశాడు. గరిటె ఆగింది. నేను డైరీలో ఒక ముక్క రాశాను. ఆయన సాసు సీసాలకి మూతలు బిగించాడు. నేను రెండో ముక్క రాశాను. ఎక్కడినుంచి తీశాడో గానీ నెత్తిన తెల్లటి టోపీ పెట్టుకున్నాడు. నేను నాలుగడుగులు ముందుకేశాను. చెత్త డబ్బాని కాలితో బండి కిందికి తోశాడు.

"నమస్తే సార్. ఏ డిపార్టుమెంటు సార్?"

"ఏ డిపార్టుమెంటూ కాదయ్యా. రిటైరయ్యాను."

ఆయన నమ్మలేదు. నేను రిటైరయ్యాను గానీ నా ముఖం ఇంకా కాలేదు.

"ఇక్కడ ఒక వాసన వస్తుంది చూడు, అది ఎలా వస్తుంది?"

"ఏ వాసనా రాదు సార్! అంతా ఫ్రెష్ సార్!"

"అది కాదయ్యా. కొంచెం మాడినట్టు..."

"మాడనివ్వం సార్! నూనె ఎప్పటికప్పుడు మార్చేస్తాం సార్!"

"ఇంత పెద్ద మంట ఎందుకు?"

"తగ్గించేస్తా సార్!" అని నిజంగానే తగ్గించేశాడు. విమానం దిగిపోయింది. నూడుల్స్ కోసం చుట్టూ నిలబడ్డ కుర్రాళ్ళు నావైపు చూసిన చూపు నేను డైరీలో కూడా రాయలేదు.

కానీ మంట తగ్గిన మరుక్షణం ఆ వాసన కూడా పోయింది. బండాయన ఏమీ చెప్పకుండానే నాకు కావలసింది చెప్పేశాడు. వాసన సాసులో లేదు, మంటలో ఉంది. వెళ్ళబోతుంటే ఒక గోబీ పొట్లం నా చేతిలో పెట్టబోయాడు. వద్దన్నాను. దాంతో ఇంకా భయపడ్డాడు.

ఇంటి గ్యాసు పొయ్యిని ఎంత తిప్పినా మూకుడు అడుగున అరచేయంత మేరే వేడెక్కుతుంది. అందులో అన్నం పోస్తే వేగదు, చెమటలు పడుతుంది. బండివాళ్ళ పెద్ద రెగ్యులేటరు ఇంటి సిలిండరుకి తగిలించకూడదు. రూలు ఒప్పుకోదు, పైగా ప్రమాదం. నేను రూలు తప్పే మనిషిని కాదు, రూలు లేని చోటు వెతుక్కునే మనిషిని. బొగ్గులమీద రూలేమీ కనపడలేదు.

అందుకని నా స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను. ఇద్దరం ఒకే బెంచీమీద చదువుకున్నాం. వాడు పత్తి మిల్లులో ఫిట్టరుగా చేసి మానుకున్నాడు. రంజాన్‌కి వాళ్ళింటి సేమ్యా మా ఇంటికొస్తుంది, కార్తీకానికి మా ఇంటి పులిహోర టిఫిన్ క్యారేజీలో వాళ్ళింటికి వెళుతుంది. మా ఆవిడని చెల్లెమ్మా అంటాడు. వాడు ఏ యంత్రాన్నైనా బాగుచేస్తాడు. బాగుపడ్డాక అది ఇదివరకటి పనే చేస్తుందని మాత్రం చెప్పలేం.

"ఒరేయ్, ఫ్రైడ్ రైస్ కోసం కొలిమి కడతావట్రా? ముసలాడివయ్యావ్, బుద్ధి రాలేదేరా నీకు?"

"చేస్తావా, చెయ్యవా?"

"చేస్తాలే. ఒక్క మాట చెప్పు. చెల్లెమ్మ గెలిచిందనుకో, నా క్యారేజీ సంగతేంటి?"

ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. అప్పటినుంచీ వాడిమీద ఒక కన్నేసి ఉంచాను.

మా పెరట్లో పని మొదలైంది. చిల్లు పడిన ఇనుప బొక్కెన ఒకటి దొరికింది. దాని పక్కన, అడుగుకి కాస్త పైగా, గాలి వెళ్ళే గొట్టం బిగించాడు. లోపల వేడికి తట్టుకునే పూత వెయ్యాలన్నాడు. ఒక సంచీడు కాల్చిన సున్నపురాయి తెచ్చాడు.

"పిడుగురాళ్ల సున్నంరా ఇది. అక్కడ సున్నం బట్టీలు చూశావా? రాత్రీ పగలూ మండుతుంటాయి. చెక్కు చెదరవు. ఎందుకంటావ్? లోపలంతా సున్నమే!"

ఆ తర్కంలో ఏదో తేడా ఉందనిపించింది. ఏమిటో తేలేలోగానే వాడు సున్నపురాళ్ళు బొక్కెనలో పోసి, పైన చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. బొక్కెన ముందు బుసకొట్టింది. తర్వాత కుతకుత ఉడికింది. ఆవిరి పెరడంతా కమ్మేసింది. ఇద్దరం దడి దాకా పరిగెత్తాం.

"చూశావట్రా! అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు!" అన్నాడు వాడు దడి అవతలినుంచి.

వంటింటి కిటికీ తెరుచుకుంది. "అన్నయ్యా, మీరు కట్టేది పొయ్యా, బాంబా?"

సున్నం పారబోసి, బంకమట్టిలో ఊక కలిపి పూత పూశాం. అది నీడలో ఆరేదాకా వాడు రోజూ వచ్చి దాన్ని వేలితో పొడిచి చూసి, టీ తాగి వెళ్ళేవాడు.

తర్వాత సమస్య గాలి. బొగ్గులు మామూలుగా మండితే చలిమంటకే సరిపోతాయి, మూకుడు పొగలు కక్కాలంటే కిందనుంచి గాలి బలంగా కొట్టాలి. మొదట మా అమ్మాయి ఇక్కడ వదిలేసిన జుట్టు ఆరబెట్టే మిషను గొట్టానికి ఆనించాను. బ్రహ్మాండంగా ఊదింది. బొగ్గులు ఎర్రబడ్డాయి. ఇంతలో మిషను మూతి మెత్తబడి, తొండంలా కిందికి వేలాడింది. డైరీలో ‘జుట్టు మిషను, వీరమరణం’ అని రాశాను. మా అమ్మాయికి ఈ సంగతి ఇంకా తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

మా స్నేహితుడు మిరపతోటకి మందు కొట్టే తైవాన్ పంపు తెస్తానన్నాడు. వీపుకి తగిలించుకుంటే గాలి తుఫానులా వస్తుందన్నాడు. మా ఆవిడ గుమ్మంలోనే అడ్డుకుంది.

"పురుగుమందు పంపుతో వంటా? కాలనీ అంతా పురుగుల్లా రాలిపోతే ప్రెసిడెంటు గారు ఇంకెవర్నీ పులిహోర అడగరు, నిజమే. అయినా వద్దన్నయ్యా."

చివరికి మూసేసిన ఒక కమ్మరి కొట్టులోంచి చేత్తో తిప్పే పాత ఫ్యాను పట్టుకొచ్చాడు. పిడి పట్టుకుని తిప్పితే చాలు, గొట్టంలోంచి గాలి హోరుమని కొడుతుంది. పిడి దగ్గర కూర్చునే ఉద్యోగం నాకు పడింది. ఆ రొదలో పక్కవాడి మాట వినపడదు. మిల్లులో మిషను వేగం పెంచాలంటే వాళ్ళు ‘ఊపు!’ అని అరిచేవాళ్ళట. కాబట్టి నేనొక పద్ధతి పెట్టాను. రెండే మాటలు. ‘ఊపు’ అంటే వేగం పెంచాలి. ‘చాలు’ అంటే తగ్గించాలి. మూడో మాట వాడకూడదు. అదే కాగితం మీద రాసి గోడకి అంటించాను.

"నేను కూడా మిమ్మల్ని ఊపు అనాలా?" అంది మా ఆవిడ.

"ఊపండి అనొచ్చు. గౌరవానికి అడ్డు లేదు."

పొయ్యికి ఊపుడు పొయ్యి అని పేరు మాత్రం మా స్నేహితుడే పెట్టాడు.

ప్రయోగాలు మొదలుపెట్టాం. మొదటి వాయి బొగ్గుల్లో కలిసిపోయింది. ఏది అన్నమో ఏది బొగ్గో మా స్నేహితుడు కూడా చెప్పలేకపోయాడు. ఇంకోసారి నేను ఉత్సాహంగా తిప్పితే నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా లేచాయి. నా పంచె నిండా చిల్లులు పడ్డాయి. "దోమతెర కట్టుకున్నారేంటి?" అంది ఆవిడ. తడి గోనె సంచి ఒళ్ళో పరుచుకోవడం అప్పటినుంచీ పద్ధతిలో చేరింది.

మూకుడు మాత్రం మొదటినుంచీ సరైనదే. మా అమ్మ వాడిన బూరెల మూకుడు, పల్చటి ఇనుము, నల్లగా నిగనిగలాడుతుంది. ఒక సాయంత్రం అందులో నూనె పొగలు కక్కింది. ఆవిడ క్యారెట్టు, బీన్స్, కాప్సికం పడేసి ఒక్క తిప్పు తిప్పింది. ఆరబెట్టిన అన్నం వేసింది, ఉప్పు, మిరియాల పొడి చల్లింది, మూకుణ్ణి రెండు చేతులతో పట్టి ఎగరేసింది. అన్నం మంటని ముట్టుకుని వచ్చింది. అదిగో, ఆ వాసన! మాడబోయి ఆగిన వాసన, మా పెరట్లో!

ఆవిడ గరిటెతోనే కాస్త తీసుకుని, గోడవైపు తిరిగి, నిలబడే తింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "ఇంకొంచెం ఊపండి" అంది.

మా స్నేహితుడు రుచి చూసి పెదవి విరిచాడు. "బానే ఉంది చెల్లెమ్మా. కానీ పులిహోర కాదు."

"అదేగా అన్నయ్యా కావాల్సింది."

"మరి నా క్యారేజీ?"

"మీకు విడిగా చేసిపెడతాలే, ఊరుకోండి."

ఆదివారం వచ్చింది. కాలనీ అంతా బస్సులో వెళ్ళింది. ఊపుడు పొయ్యి మా స్నేహితుడితోపాటు ఆటోలో వెనకాల వచ్చింది. జామతోటలో దించుతుంటే ప్రెసిడెంటు గారు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఏంటండీ ఇది? తారు రోడ్డేసేవాళ్ళు మర్చిపోయి వెళ్ళారా?"

"ఫ్రైడ్ రైస్ మిషనండీ" అన్నాడు మా స్నేహితుడు. "నేను దీని ఇంజనీర్ని."

పన్నెండు దాటాక పొయ్యి రాజేశాం. అంతకుముందేటి పత్తికట్టె విరిచి అడుగున పెట్టి, పైన బొగ్గులు పోశాం. కృష్ణ వైపునుంచి గాలి కూడా సాయం వచ్చింది. ఆడవాళ్ళంతా విస్తళ్ళు పట్టుకుని చుట్టూ చేరారు. ప్రెసిడెంటు గారు కుర్చీ వేయించుకుని, ఎదురుగా, ముక్కు ముందుకి పెట్టి కూర్చున్నారు. మా ఆవిడ కొంగు బిగించింది. పక్కన ఆరబెట్టిన అన్నం, తరిగిన కూరలు, పోపులడబ్బా. పోపులడబ్బా ఎందుకంటే ఉప్పూ మిరియాల పొడీ అందులోనే ఉన్నాయి. పైగా అది లేకుండా వంటకి కూర్చోవడం ఆవిడకి తెలియదు.

"ఊపండి!" అంది.

ఊపాను. బొగ్గులు ఎర్రబడ్డాయి, పసుపురంగుకి తిరిగాయి, ఇక చూడలేనంత తెల్లబడ్డాయి. బొక్కెన హోరుమంది. మూకుట్లో నూనె పోయగానే పొగ లేచింది, ఆ వెంటనే మంట మూకుడు అంచుమీదికి ఎగబాకింది.

"అయ్యయ్యో! చీర! చీర!" అని ప్రెసిడెంటు గారు కేకేశారు. ఎవరి చీరా మంట దరిదాపుల్లో లేదు. అయినా మా ఆవిడ తల తిప్పి చూసింది.

తల తిప్పింది గానీ చెయ్యి ఆగలేదు. పెళ్ళయినప్పటినుంచీ నూనె పొగ వాసన తగిలితే ఆ చెయ్యి ఎటు వెళుతుందో అటే వెళ్ళింది. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఇంగువ. ఆపైన గుప్పెడు ఎండుమిరపకాయలు.

నేను మిర్చియార్డులో టిక్కీలనే మిరప బస్తాల కొండల మధ్య ఎండాకాలాలు గడిపినవాణ్ణి. ఏ రకం మిరపకాయ ఎన్ని తుమ్ములు తెప్పిస్తుందో నా ముక్కుకి తెలుసు. కానీ కొలిమి వేడిమీద గుంటూరు మిరపకాయ పడితే ఏమవుతుందో అంతకుముందు చూడలేదు. ముందు మా స్నేహితుడు దగ్గాడు. తర్వాత ప్రెసిడెంటు గారు. తర్వాత తోట తోటంతా. విస్తళ్ళు ఎగిరిపోయాయి. పట్టుచీరలు జామచెట్ల మధ్యకి పరుగెత్తాయి. బస్సు డ్రైవరు అంత దూరంలో అద్దాలు ఎత్తుకున్నాడు. తోట కాపలా కుక్క కూడా ఒకసారి తుమ్మి, తోక ముడిచి వెళ్ళిపోయింది.

పొగలోంచి మా ఆవిడ గొంతు వినపడింది. "...పండి! ...పండి!"

నాకు తెలిసినవి రెండే మాటలు. ఇది ‘చాలు’ కాదు. కాబట్టి ఊపండే అయ్యుండాలి. ఇంకా గట్టిగా తిప్పాను.

"ఆపండయ్యా మహానుభావా!"

ఇంకా గట్టిగా తిప్పాను.

"ఆపరా ఒరేయ్!" అని మా స్నేహితుడు కళ్ళనీళ్ళతో అరుస్తున్నాడు.

"ఊపుతున్నానుగా!" అన్నాను నేను. భుజాలు పడిపోతున్నా ఆగలేదు. ఆ వేళ నా అంత క్రమశిక్షణ గల మనిషి ఆ తోటలో ఇంకొకరు లేరు.

ఇక నాతో లాభం లేదని ఆవిడకి అర్థమైంది. ఇంకో క్షణం ఆగితే పోపు బూడిదవుతుంది. మజ్జిగ కోసం పక్కన పెట్టిన కరివేపాకు దూసి పడేసింది, కూరలు పడేసింది, పసుపు వేసింది, అన్నం కుమ్మరించింది, మూకుణ్ణి మంటలోకి ఎగరేసింది. చుట్టూ చూసింది. ప్రెసిడెంటు గారి కుర్చీ పక్కన మజ్జిగలోకి తెచ్చిన నిమ్మకాయల బుట్ట ఉంది. కుర్చీలో మనిషి లేదు. నిమ్మకాయలు కోసి పిండేసింది. మా స్నేహితుడు వెనకనుంచి నా కాలరు పట్టి లాగాక గానీ ఫ్యాను ఆగలేదు.

పొగ పలచబడ్డాక ఒక్కొక్కరూ ముక్కులు తుడుచుకుంటూ వెనక్కి వచ్చారు. పళ్ళెంలో పచ్చటి అన్నం. అందులో వేగిన పప్పులు, నల్లబడిన మిరపకాయలు, మధ్యమధ్య దారితప్పి వచ్చినట్టు క్యారెట్టూ బీన్సూ.

"పులిహోరే!" అన్నారెవరో నెమ్మదిగా.

మా ఆవిడ చెంబు దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉంది.

ప్రెసిడెంటు గారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పరీక్ష పేపరు దిద్దే మనిషి, తొందరపడరు. రెండో ముద్ద తిన్నారు. మూడోది కూడా తిన్నారు. "వాసన వచ్చింది" అన్నారు. "బండి వాసనే. కాదనలేను."

మా ఆవిడ చేతులు తుడుచుకోకుండానే ఇటు తిరిగింది.

"కానీ ఇది పులిహోరండీ. మీరన్నది ఫ్రైడ్ రైస్ కదా?"

"నేనన్నది అదే. మీరన్నదేంటి? ‘ఆ వాసన వస్తే పులిహోర అడగను’ అన్నారు. అన్నం పేరు మీరేం చెప్పలేదు."

ప్రెసిడెంటు గారు ఆ వాక్యాన్ని మనసులో మళ్ళీ ఒకసారి చదువుకున్నట్టున్నారు. "అలాగే అన్నాను" అని ఒప్పుకున్నారు. న్యాయమైన మనిషే. "సరే. ఇక ఈ జన్మలో మిమ్మల్ని అడగను."

ఈలోగా పళ్ళెం ఖాళీ అయిపోయింది. అడుగున అంటుకున్నది మా స్నేహితుడు గీకుతున్నాడు. "నా జన్మలో ఇలాంటి పులిహోర తినలేదు చెల్లెమ్మా" అన్నాడు, మళ్ళీ దగ్గుతూ. ప్రెసిడెంటు గారు ఖాళీ పళ్ళెంవైపు చూసి ఇబ్బందిపడ్డారు.

"మరి వచ్చే ఏడు ఇది ఎవరు చేస్తారండీ? ఇది తిన్నాక వేరే పులిహోర ఎవరికి ఎక్కుతుంది?"

అందరూ మా ఆవిడవైపు చూశారు. ఆవిడ తాపీగా కొంగుతో చేతులు తుడుచుకుని నావైపు చూసింది. నేను మసి ముఖంతో, తడి గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని, ఇంకా ఫ్యాను పిడి పట్టుకునే ఉన్నాను.

"పొయ్యి ఆయనది, ఊపు ఆయనది" అంది. "నేను ఆపమంటే ఆయన ఆపారా? ఆపి ఉంటే ఈ వాసన వచ్చేదా? చేసింది ఆయనే. ఆయన్నే అడగండి."

ప్రెసిడెంటు గారు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, నన్ను నఖశిఖపర్యంతం చూసి, "పులిహోర ఉందిగా" అన్నారు.

తోటలో లేచిన నవ్వు తగ్గాక ఆవిడ మా ఇంటావిడవైపు తిరిగి, కాస్త మొహమాటపడుతూ, గొంతు తగ్గించి అడిగారు. "ఇంతకీ, మీ పేరేంటండీ?"

మా ఆవిడ చెప్పింది. ప్రెసిడెంటు గారు హాజరు పట్టీలో ఎక్కించుకుంటున్నట్టు దాన్ని ఒకసారి పైకి పలికారు.

ఈ ఏడు కార్తీకంలో నేను పోపు పెట్టాను, మా స్నేహితుడు ఫ్యాను తిప్పాడు. ‘ఆపు’ అనే మాటని మూడోదిగా పద్ధతిలో చేర్చాం. వాడి క్యారేజీకి ఇంకో గిన్నె పెరిగింది. మా ఆవిడని ఏమీ తేవద్దన్నారు, ఆవిడ ఏమీ తేలేదు. ఉసిరిచెట్టు కింద ప్రెసిడెంటు గారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది, వాళ్ళిద్దరూ ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. నేను చెమటలు కక్కుతూ విస్తరి తీసుకెళ్ళి చేతికిచ్చాను. ఒక ముద్ద తిని, తోట చివరిదాకా వినపడేలా అంది:

"ఉప్పు కొంచెం తగ్గింది, పులిహోర గారూ."